హాజరు పట్టీలో ‘దా’

మా ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడైన మాస్టారికి ఒకటే జబ్బు. నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, హాజరు తీసుకోకుండా ఉండలేరు. ఇరవై రెండేళ్ళు సంఘాన్ని ఏలారు, చట్టసభలోనూ కూర్చున్నారు, జబ్బు మాత్రం కుదర్లేదు. చంకలో నీలం అట్ట వేసిన పొడుగు పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఆ పుస్తకంలో మాకు పేర్లుండవు, నంబర్లే. నాది పదిహేడు. ఆ పదిహేడుకి ఎదురుగా ఒకరోజు పడిన అక్షరం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ముందు ఆయన గురించి నవ్వుకుందాం. నా సంగతి ఎలాగూ తప్పదు.

ఇంట్లోనూ అంతే. అన్నం ముందు కూర్చుని, “ఒకటి?” అని తనే అడిగి, “హాజరు” అని తనే పలికి, “రెండు?” అనేవారు.

“ఉన్నదే ఇద్దరం. నేను లేకపోతే ఆ కంచంలో అన్నం ఎవరు పెట్టారు?” అనేవారు వంటింట్లోంచి అమ్మగారు.

“అయినా పలకాలి.”

“హాజరు. ఇక తినండి.”

ఒకసారి విద్యామంత్రితో చర్చలు. పొడుగాటి బల్ల, ఇటు మేం, అటు వాళ్ళు. మాస్టారు మా హాజరు ముగించి కళ్ళజోడు సర్దుకుని, “అటువైపు ఎవరెవరొచ్చారు?” అన్నారు.

“ఇదేమన్నా బడా?” అన్నాడొక అధికారి.

“బడి గురించేగా మాట్లాడబోయేది. పలకండి.”

మంత్రి చిన్నప్పుడు మూడో తరగతి ఆయన దగ్గరే చదివాడు. పాపం, తనకి తెలియకుండానే లేచి నిలబడి, “హాజరు సార్” అనేశాడు. లేచినవాడు మళ్ళీ ఎలా కూర్చోవాలో తోచక, మా కోరికల్లో మొదటి రెండూ నిలబడే ఒప్పేసుకున్నాడు. మూడోది కూర్చున్నాక విన్నాడు. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

మా ఓట్లతో చట్టసభకి వెళ్ళిన మొదటిరోజే, ఖాళీ కుర్చీలు చూసి ఆయన చెయ్యి ఊరుకోలేదు.

“మీకు మైకు ఇవ్వలేదు” అన్నాడు సభాధ్యక్షుడు.

“హాజరుకి మైకెందుకండీ, గొంతుంది” అన్నారు.

బయటికి మోసుకుపోతున్న ఇద్దరు భటులకీ దారిలోనే హాజరు వేసుకున్నారట.

ఇక రానివాళ్ళ సంగతి. అందరిలా సున్నా చుట్టేవారు కాదు. పెన్సిలుతో సన్నగా ‘దా’ అని రాసేవారు. అర్థం అడిగితే చెప్పేవారు కాదు. దాక్కున్నాడని కొందరు, దాటేశాడని కొందరు. డ్రాయింగు మాస్టారైతే ‘దానవుడు’ అని తేల్చేశాడు. ఆ ఒక్క అక్షరానికి జడిసి జనం జ్వరంతో కూడా సమావేశాలకొచ్చేవాళ్ళు.

అప్పుడొచ్చింది పెద్ద సమ్మె. తాత్కాలికంగా పనిచేస్తున్న నలభైమంది టీచర్లని ఒక్క కాగితంతో తీసేశారు. వాళ్ళని మళ్ళీ తీసుకునేదాకా బడి గడప తొక్కకూడదని, తొక్కినవాణ్ణి సంఘంలోంచి వెలివేయాలని తీర్మానం చేశాం. రాసింది కార్యదర్శినైన నేనే. ‘వెన్ను చూపం’ అన్న నినాదమూ నాదే.

పదోరోజు మా హెడ్‌మాస్టరు కబురంపాడు: “హెడ్‌మాస్టర్లయ్యేవాళ్ళ జాబితా తయారవుతోంది. రేపు బడి రిజిస్టర్లో సంతకం ఉన్నవాళ్ళకే చోటు.” ఇంటావిడ పోరిందని చెప్పి తప్పుకుందామంటే, ఆవిడ వద్దనే అంది.

మర్నాడు ఆ చూపనన్న వెన్నే చూపిస్తూ బడి వెనకగోడ దూకాను. మేకుకి పట్టి చొక్కా చిరిగింది. సంతకం పెట్టి, ఖాళీ గదిలో నల్లబల్లకేసి చూస్తూ కూర్చున్నాను. రెండు వీధుల అవతల సమ్మె డేరాలోంచి మైకు వినబడుతోంది.

“పదిహేడు?” అన్నారు మాస్టారు. కాసేపాగి, “పదిహేడు?” మళ్ళీ, ఈసారి మెల్లిగా, “పదిహేడూ?”

ఆ ఖాళీ గదిలో నా నోట్లోంచి “హాజరండీ” అని వచ్చేసింది. అంత సిగ్గుమాలిన మాట నేను జన్మలో పలకలేదు.

సమ్మె గెలిచాం. నలభైమందీ వెనక్కొచ్చారు. ఆ వారమే కార్యవర్గం కూర్చుంది. అధ్యక్షుడి కుర్చీ మీద ఎప్పట్నించో కన్నున్న లెక్కల మాస్టారు లేచాడు.

“గోడ దూకినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. తీర్మానం ప్రకారం తీసెయ్యాలి. పట్టీ తెరవండి మాస్టారూ.”

మాస్టారు తెరిచారు. “పదకొండోరోజు. పదిహేడు. దా.”

“అదీ! దాక్కున్నాడనేగా?”

“కాదు. దారిలో ఉన్నాడని.”

లెక్కల మాస్టారు వదల్లేదు.

“రోజంతా దారిలోనేనా?”

“కొందరి దారి పొడుగయ్యా.”

“వేళాకోళం కాదు. ఎన్ని ‘దా’లున్నాయో అన్నీ చదవండి.”

“సరే. ఇరవైమూడు. నాలుగోరోజు దా, తొమ్మిదోరోజు దా.”

ఇరవైమూడు లెక్కల మాస్టారే. “అది... మా మామగారికి ఒంట్లో బాగోలేక...” అని నసిగాడు.

“తొమ్మిదోరోజు ఆయన నిక్షేపంగా డేరాకొచ్చి నీకోసం అడిగారు. దారిలో ఉన్నాడని చెప్పి పంపించాను.”

గదంతా గొల్లున నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. “ఒకటి. ఏడోరోజు దా.”

ఒకటి అంటే ఆయనే.

“సమ్మె ఆపితే మంత్రి పదవి ఇస్తామన్నారు. కారెక్కి సగం దూరం వెళ్ళాను. సిగ్గేసి దిగిపోయి నడిచొచ్చేసరికి పొద్దు వాలింది. ఆవేళ హాజరు సాయంత్రం తీశాను, గుర్తుందా?”

లెక్కల మాస్టారు కూర్చున్నాడు. నా కాళ్ళు మాత్రం కూర్చోనివ్వలేదు.

“మాస్టారూ, నేను దారిలో లేను. గోడ దూకి సంతకం పెట్టాను.”

“తెలుసు. గోడ మాత్రం దారిలో ఉండదా ఏం?” అని, చెవి మీది పెన్సిలు తీసి, “పదిహేడు?” అన్నారు.

“హాజరండీ” అన్నాను, తల ఎత్తకుండానే.

పెన్సిలు తిరగేసి, వెనకున్న రబ్బరుతో ఆ ‘దా’ని తుడిచేశారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పెన్నెందుకు పట్టలేదో అప్పుడు తెలిసింది.

హెడ్‌మాస్టర్ల జాబితా పై నెలలో వచ్చింది. కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చదివాను. నా పేరు లేదు. వెళ్ళి మాస్టారికి చెప్పుకున్నాను.

“దారిలో ఉందేమోలే” అన్నారు.