పైకెళ్తేనే పాడయ్యే ట్యాబ్

ట్యాబ్ మూడోసారి నా బల్ల మీదికి వచ్చినప్పుడు, ఆ పైలట్ అబద్ధం చెబుతున్నాడనే అనుకున్నాను.

సూరత్‌లో పాండేసర దారిలో మాది చిన్న రిపేరు షాపు. మా బాపు ముప్పై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఇప్పుడు పగలంతా నా పక్కనే కూర్చుంటాడు. పైలట్ ఆంధ్రా మనిషి. హజీరాలో ఒక కంపెనీకి చిన్న విమానం నడుపుతాడు. దారి మ్యాపులు, వాతావరణం అన్నీ ఆ ట్యాబ్‌లోనే చూసుకుంటాడట. ఎండాకాలంలో దానికి కొత్త బ్యాటరీ వేసింది నేనే. ఆ తర్వాత కొన్నాళ్లకు ఫిర్యాదు మొదలైంది.

“పదివేల అడుగులు దాటాక స్క్రీన్ దానంతటదే ఏవేవో నొక్కేసుకుంటోందండీ. కిందికి దిగేసరికి మామూలే.”

రెండుసార్లూ ఉంచుకుని రోజంతా నడిపి చూశాను. ఏ లోపమూ కనబడలేదు.

రెండోసారి ట్యాబ్ ఇచ్చి ఆయన వెళ్లేదాకా ఆగి బాపు అన్నాడు: “గాయిన యాడనో కింద పడేసిండు బిడ్డా. ఫుకట్‌ల కొత్తది వస్తదేమోనని సూస్తుండు.”

నాకూ అదే అనుమానం. దెబ్బ తగిలిన గుర్తు కోసం అంచులన్నీ భూతద్దంతో వెతికాను. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

ఆయనకూ నా మీద నమ్మకం లేదని మూడోసారి తెలిసింది. ట్యాబ్ ఇచ్చి వెళ్లకుండా, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“నా ముందే విప్పండి.”

“లోపల పార్టులు మార్చిన అనుకుంటున్నరా సార్?”

“నేనలా అనలేదండీ.” కానీ ఆయన కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి.

అద్దం ఊడదీయడానికి వేడి చేస్తూ, పైన ఇంకేమైనా మారుతుందా అని అడిగాను.

“మా దాంట్లో గాలి ఒత్తిడి సరిచేసే ఏర్పాటు లేదు. చెవులు దిబ్బడేస్తాయి. చిప్స్ ప్యాకెట్ దిండులా ఉబ్బుతుంది. అంతే.”

నా చెయ్యి ఆగింది.

అద్దం లేపితే బ్యాటరీ ఒక మూల మెత్తగా తగిలింది. లోపల కొద్దిగా గ్యాస్ చేరింది. కింద ఉన్నంతసేపు తెలియదు. పైన గాలి పలచబడ్డాక ఉబ్బి, స్క్రీన్‌ను వెనకనుంచి నెడుతోంది. ఒరిజినల్ అని చెప్పి నేను వేసిన బ్యాటరీ అది. అమ్మినవాడు నాకు చెప్పిందీ ఆ మాటే.

బాపు చెప్పొద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

“సార్, మీ తప్పు గాదు. నేనేసిన బ్యాటరీనే కరాబున్నది.”

ఆయన బ్యాటరీ మూలను వేలితో నొక్కి చూశాడు. “నిన్న మబ్బుల్లో ఉండగా మ్యాప్ పోయిందండీ. వెనక నలుగురున్నారు. కాగితం మ్యాపు దగ్గరుంది కాబట్టి సరిపోయింది.”

వేరే బ్యాటరీ వేస్తానన్నాను. వద్దని, విప్పిన ట్యాబ్‌ను అలాగే సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ బ్యాటరీ వచ్చిన పెట్టెలో మిగిలినవన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఇంకో మూడు మెత్తగా ఉన్నాయి. అవే బ్యాటరీలు వేయించుకున్నవాళ్లందరికీ ఫోన్లు చేశాను. నవాగామ్‌లో ఉండే ఒకామె చివరిదాకా విని అడిగింది:

“మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు తెమ్మంటున్నవ్? ఏంది నీ మతలబు?”