అక్క తాగిన అయోడిన్‌కు సోమవారం లెక్క

నా నోటు పుస్తకాలన్నీ బీరువాలో సంవత్సరాల వారీగా ఉన్నాయి. డెబ్బైల చివరి నాటి ఒక వానాకాలపు పుస్తకాన్ని మాత్రం విడిగా పెట్టుకున్నాను. అక్క తాగిన మందుకు అందులో రోజువారీ లెక్క ఉంది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా మా వాళ్లు, పసుపునీళ్లు చల్లడం వల్లే దాని దోషం పోయిందంటారు. అది అబద్ధం. ఎలా పోయిందో రాసిపెట్టినవాణ్ని నేను.

అప్పుడు బాన్సువాడ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. పాఠ్యపుస్తకంలో కృత్రిమ రేడియోధార్మిక ఐసోటోపుల మీద ఒకే ఒక్క పేరా ఉండేది. పరీక్షలో రాదని తోటి మాస్టర్లు దాన్ని దాటేసేవారు. నేను రెండు పీరియడ్లు చెప్పేవాణ్ని. వైద్యానికి పనికొచ్చే పదార్థాన్ని మనిషి రియాక్టరులో తయారుచేయడం, అదీ మన దేశంలోనే, బొంబాయి దగ్గరే చేయడం ఒక్క పేరాతో సరిపెట్టే విషయం కాదు.

అక్కను ఇచ్చింది ఆ ఊళ్లోనే, కాలువ కింద పొలమున్న ఇంటికి. నాట్లలో మొదటి నారు కట్ట ఆమెదే. ఆమె మడిలో దిగి తొలి వరుస నాటాకే మిగిలిన ఆడవాళ్లు దిగేవారు. ఒక్క ఏడు ఆ కట్ట వేరొకరి చేతికి పోతే ఇక తిరిగి రాదు. అది అక్కడి పద్ధతి.

ఆ ఏడు గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసి అక్క చిక్కిపోయింది, చేతులు వణకసాగాయి. హైదరాబాదు దవాఖానలో ఒక సోమవారం ఆమెకు రేడియోధార్మిక అయోడిన్ తాగించారు. శుక్రవారం ఇంటికి పంపారు. మందు తాగిన రోజు నుంచి మూడు వారాలు పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలని కాగితమిచ్చారు, ఇంగ్లిషులో. ఇంగ్లిషు ముక్క రాని ఇంటికి అలాంటి కాగితం పంపిన వారి మీద నాకు నేటికీ కోపమే.

చదివి చెప్పింది నేను. అక్క అత్తగారు వెంటనే కోడలికి కొట్టంలో పక్క వేసి, గిన్నెలు వేరుచేసింది. చిన్నకోడలు కడుపుతో ఉంది కనుక ఆ జాగ్రత్త సబబే. పేచీ లెక్క దగ్గర వచ్చింది. దూరాన ఎవరైనా పోతే ఆ కబురు ఇంటికి చేరిన రోజు నుంచి మైల పట్టే అలవాటు వారిది. ఆమె ఈ మందునూ ఆ ఖాతాలోనే వేసి, అక్క గడప తొక్కిన శుక్రవారం నుంచి మూడు వారాలు లెక్కించింది. కాగితం ప్రకారం గడువు సోమవారంతో తీరుతుంది, ఆమె ప్రకారం శుక్రవారంతో. వాళ్ల వంతు కాలువ నీళ్లు వచ్చేది, నాట్లు పడేది మధ్యలో బుధవారం.

ఈ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. మందు తాగిన రోజే నేను పళ్లెంలో అరవై నాలుగు వడ్ల గింజలు పోసి, ప్రతి ఎనిమిదో రోజున సగం తీసేస్తూ వచ్చాను. గడువుకు ముందు ఆదివారం ఆ పళ్లెం పట్టుకుని వెళ్లాను.

“ఏంది సారూ, కోళ్లకు దాణా తెచ్చినవా?” అంది అత్త.

“లెక్క తెచ్చిన అత్తా. అరవై నాలుగుకు పదహారే మిగిలినయ్. సోమవారం నుంచి చూస్తే...”

“సోమవారం అది మా ఇంట్ల లేకుండె.”

“మందుకు ఇల్లు, గడప తెల్వదు.”

“నాకు తెలుసు గద. గీ లెక్కలు నీ బడిల చెప్పుకో.”

కాగితం మళ్లీ చదివాను. ఆమె చేట అందుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. అప్పుడు కొట్టంలోంచి అక్క గొంతు వినిపించింది.

“అత్తా, నారుకు తుకం పోసి ఎన్ని దినాలాయె?”

“ఇరవై ఆరు. నారు ముదురుతున్నది.”

“తుకం పోసిననాడు నువ్వు వర్నిల, నీ బిడ్డ ఇంట్ల ఉంటివి. ఐదు దినాలకు వస్తివి. నువ్వు చూసిన కాడికెళ్లి లెక్కబెడితే ఇరవై ఒకటే.”

“గదేం లెక్కనే? నేనొచ్చేదాక నారు ఆగుతదా?”

“మందు గూడ ఆగలే అత్తా.”

చేట ఆగింది. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకు తట్టని మాట, బడి మొహం చూడని మా అక్కకు తట్టింది.  అత్త మళ్లీ బియ్యం చెరగసాగింది.

బుధవారం నేను సెలవు చీటీ రాసిచ్చి పొలానికి వెళ్లాను. చిన్నకోడల్ని ఇంట్లోనే ఉంచి, అత్త స్వయంగా మొదటి కట్ట తెచ్చి అక్క చేతిలో పెట్టింది. తర్వాత నావైపు చూసింది.

“నీ పళ్లెంల ఎన్నున్నయ్ సారూ?”

“పదహారు. రేపు ఎనిమిదైతయ్.”

“తీసేసినయి పారబోయకు. విత్తనపు వడ్లు అవి.”

అక్క చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. తొలి వరుస రెండుచోట్ల వంకరపోయిందని ఆనాటి పేజీలో రాసుకున్నాను. చలికాలపు యాసంగి నాట్లలో ఆమె వరుస వంకరపోలేదని తర్వాత దాని కిందే రాశాను. ఆ బుధవారం ఆమె వెనుక దిగిన ఆడవాళ్లెవరూ ఆ వంకరను సరిచేయలేదు, దాని పక్కనే తమ వరుసలూ నాటుకుపోయారు.