సిపాయి బొమ్మకు చింతపండు

“ఏమే, గుండీలు మెరుస్తున్నయా?”

“నీ మొఖం కంటే మంచిగనే మెరుస్తున్నయ్, పో.”

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలివి. పటాలం నుంచి వచ్చాక ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. ఆ మధ్యాహ్నమే అక్కడ కూలబడి పోయాడు. ఇరవై ఏళ్లు ఆయన ఇత్తడి గుండీలు చింతపండుతో తోమిన చేతులివి. ఇవి ఊరుకోక చేసిన ఘనకార్యం చెబుతాను. విన్నాక మీ ఇంట్లో చెంబు కూడా నన్ను ముట్టనివ్వరు. నాకు సంతకమే వచ్చు, మా చెల్లెలి కూతురు లత రాస్తోంది.

ఆయన పోయిన ఏడాదికి, హైటెక్ సిటీలో నేను ఊడ్చే ఆఫీసు హాల్లో రంగులతో గీసిన బొమ్మల ప్రదర్శన పెట్టారు. నడుమ నిలువెత్తు ముసలి సిపాయి. వెనక మూడు రంగుల జెండా. కోటుకి నిజం ఇత్తడి గుండీలు అయిదు అతికించారు. అన్నీ చిలుము పట్టి ఉన్నాయి! జెండా ముందు సిపాయిని ఇలాగేనా నిలబెట్టేది? పచ్చిపులుసుకని కొన్న నిమ్మకాయంత చింతపండు సంచిలో ఉంది. ఇంకేం, మొదలుపెట్టాను.

నాలుగు తోమేసరికి సూపర్‌వైజర్ యాదగిరి వచ్చాడు.

“ఏం జేసినవ్ లక్ష్మమ్మా! నీ నౌకరీ పాయె, నా నౌకరీ పాయె!”

“మురికి కనవడితె తుడువుమని నువ్వే జెప్తివి గద?”

బొమ్మ గీసినామె పరుగున వచ్చింది. “అది మురికి కాదండీ! దేశం మరిచిపోయిన సిపాయండీ ఆయన. ఆ చిలుము పట్టించడానికే మూడు నెలలు పట్టింది నాకు!”

నౌకరీ పోతే లింగంపల్లిలో కిరాయి గదీ పోతుంది. అయినా నోరు ఆగలేదు.

“దేశం మరిస్తె మరువనియ్ అమ్మా. ఇంట్ల పెండ్లాం మరుస్తదా?”

ఆమె మెరుస్తున్న గుండీలను వేలితో తడిమింది. నవ్వింది, కళ్లు తుడుచుకుంది. “అలాగే ఉండనివ్వండి. ఈమెని ఏమీ అనకండి” అని యాదగిరికి చెప్పింది. ఆ తల్లి చల్లగా ఉండాలి, ఇవాళ్టికీ ఆమె దయతోనే తింటున్నాను.

మర్నాడు బొమ్మ ముందు జనమే జనం. మెడలో ఐడీ కార్డున్న ఒకాయన పక్కవాళ్లకు విప్పి చెబుతున్నాడు: “మెరిసే నాలుగూ దేశం గౌరవం. మాసిన ఒక్కటీ మనం మరిచిన త్యాగం. ఎంత లోతు చూడండి!”

తుడుపుకర్ర పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నాలుగింటికే చింతపండు అయిపోయిందని ఎవరికి చెప్పను?

మా ఆయన బెల్టు బిళ్ల మీద ఒట్టు: ఇకమీదట ఏ సిపాయి బొమ్మనూ తోమను. చాలినంత చింతపండు లేకుండా అసలే తోమను.

రాసినవా లతా? జర సదివి వినిపియ్ బిడ్డా. మీ పెదనాయన గుండీలు అడిగిన కాడ్నుంచి సదువు.