లిల్లీ దుంపల పెద్దమ్మ

పక్క విల్లాలో పనిచేసే పెద్దమ్మ చనిపోయిందని నాకు తెలిసేసరికి ఆమె పోయి రెండు రోజులు దాటింది. చెప్పింది మా ఇంటి డ్రైవరు. శుక్రవారం మధ్యాహ్నం కూరగాయల సంచులు వంటింటి గుమ్మంలో దించుతూ, "బగల్ వాలీ అమ్మా గుజర్ గయీ. ఆప్ కో మాలూమ్ నహీ?" అన్నాడు. పక్కింటి అమ్మ పోయింది, మీకు తెలియదా అని.

నాకు తెలియదు. మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆమె పోయిన బుధవారం నేను ఆ గోడ పక్కనే దుప్పట్లు ఆరేశాను. గురువారం రెండుసార్లు "పెద్దమ్మా" అని పిలిచాను. పలక్కపోతే పనిలో ఉందేమో అనుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాసే సమయానికి రెండు నెలలు దాటింది, ఆ కోపం తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు అది చేతకాదు. మెత్తటి మాటలు ఆమెకూ నచ్చేవి కావు.

నాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటి పనికి జిద్దాకొచ్చి ఆరేళ్ళయింది. వచ్చిన కొత్తలో నా చుట్టూ తెలుగు మాట లేదు. ఒకరోజు వెనక పెరట్లో ఏసీ కింద నిండిన బకెట్‌ను కాలవలో పారబోస్తుంటే అది జారి పాదం మీద పడింది. "ఓయమ్మో" అని అరిచాను. వెంటనే గోడ మీద ఒక తల లేచింది. నెరిసిన జుట్టు, ముక్కుకు రెండు పక్కలా బేసరులు.

"తెలుగుదానివా నువ్వు? అయితే ఆ నీళ్ళు పారబోయకే తల్లీ! ఎన్నాళ్ళుగా పారబోస్తున్నావు?"

"ఎవురమ్మా నువ్వు?" అన్నాను.

"ఎవరైతే ఏం. ఇక్కడి కుళాయి నీళ్ళు ఉప్పు. ఏసీ నీళ్ళలో ఉప్పుండదు. నా దుంపలకి అయ్యే కావాలి. క్యానుల్లో పట్టి ఇటియ్యి."

నెలల తర్వాత నేను విన్న మొదటి తెలుగు మాటలు అవి, అవీ తిట్లే. ఆ రోజు నుంచి రోజూ ఐదు లీటర్ల క్యాను ఒకటి గోడ దాటేది.

పెద్దమ్మది కడియం వైపు. ఊహ తెలిసినప్పటి నుంచీ నర్సరీల్లో కూలికి వెళ్ళిన మనిషి. దుంపను చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి నొక్కి, ఇది ఈ ఏడు పూస్తుంది, ఇది పూయదు అని చెప్పేసేది. మనవాళ్ళు లిల్లీ అనే ఆ పువ్వును పుస్తకాల్లో నేలసంపెంగ అంటారట. ఆమెకు లిల్లీయే. వాటి పక్కన వరసగా రెయిన్ లిల్లీలు, గోడ మూలన స్పైడర్ లిల్లీలు. ఆమె వీసా మీద రాసింది ఇంటి పని. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను తోట పెంచమనలేదు. అంట్లకూ ఇస్త్రీకీ మధ్య దొరికిన కాసిని నిమిషాల్లో ఇసుకలో మేకల ఎరువు కలిపి ఆ మడి తయారు చేసుకుంది.

ఆ ఇంటి పెద్దావిడను అందరూ హజ్జా అనేవాళ్ళు. ఆమెకు పూలంటే ప్రాణం. చలికాలంలో నర్జిస్ పువ్వు పూస్తుందని, ఊళ్ళో పాత బజారు బలద్‌లో ఒక కొట్టు నుంచి ఆ దుంపలు తెప్పించి పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ పెరట్లో కూర్చునేవాళ్ళు, హజ్జా కుర్చీలో, పెద్దమ్మ మట్టిలో. హజ్జాకు అరబ్బీ తప్ప రాదు. పెద్దమ్మ అరబ్బీ వంటింటి సామాన్ల దగ్గరే ఆగిపోయింది. అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు, ఎవరి భాష వాళ్ళది. గోడ ఇవతల బట్టలు ఆరేస్తూ వింటే నాకు నవ్వొచ్చేది. హజ్జా ఏదో పెద్ద కథ చెప్పి ఆగగానే పెద్దమ్మ "ఆయ్, అదేకదండి మరి" అనేది.

ఒకసారి నేను సెలవు మీద ఊరెళ్తుంటే ఏం తేవాలని అడిగాను. "ఊరగాయలొద్దు. మా అమ్మాయి లిల్లీ దుంపలు మీ ఊరికి పార్సిల్ పంపుద్ది. అవి తే" అంది.

"ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఏం చెప్పాల పెద్దమ్మా?"

"బసల్ అని చెప్పు."

"బసల్ అంటే ఉల్లిపాయలు కదా? అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమేంటే? వీళ్ళ భాషలో ఉల్లిపాయా బసలే, పూల దుంపా బసలే. హజ్జానడిగి కనుక్కున్నాను."

నిజంగానే ఆపారు. ఆ ఆఫీసరు మూట విప్పి ఒక దుంప తీసి వాసన చూశాడు. "బసల్" అన్నాను. ఇంత చిన్న ఉల్లిపాయలు మోసుకొచ్చిన నన్ను జాలిగా చూసి పొమ్మన్నాడు. ఆ సంగతి చెబితే పెద్దమ్మ గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆమె అంతలా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకూ నాటడం నేర్పింది. నేర్పడమంటే తిట్టడమే. "అంత లోతున పాతిపెడతావేంటే, శవాన్ని పెట్టినట్టు? కొన కనపడీ కనపడనట్టుండాలి." "రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టకు." చలికాలంలో ఆకులు పసుపెక్కితే నేను చచ్చిపోయాయనుకుని పీకబోయాను. "చెయ్యి తియ్యి! అది చావలేదు, పడుకుంది. పడుకున్నదాన్ని లేపకూడదని మీ అమ్మ చెప్పలేదా?" అంది. మరోసారి, పూత అయిపోయిన మొక్కను తవ్వి చూపించింది. నడుమ పెద్ద దుంప మెత్తబడి ముడుచుకుపోయింది, చుట్టూ చిన్న దుంపలు గుత్తిగా ఉన్నాయి. "పూసిన దుంప మళ్ళీ పూయదు. ఈ పిల్లలే పూస్తాయి. అందుకే వీటిని విడదీసి దూరంగా పెట్టాలి. ఒక్కచోటే ఉంచితే ఏదీ ఎదగదు" అంది. నేను మా పిల్లలను తలుచుకున్నాను. ఆమె ఎవరిని తలుచుకుందో అడగలేదు.

హజ్జా పోయిన నలభై రోజులకు ఆమె కొడుకు పెరడంతా బండలు పరిపిస్తానన్నాడు. కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలట. ఆ గడ్డి రేపటికల్లా తీసెయ్యమని పెద్దమ్మకు చెప్పాడు. గడ్డి అన్నాడు. ఆయన తల్లి రోజూ సాయంత్రం వచ్చి కూర్చున్న మడిని.

పెద్దమ్మ గోడ మీంచి నాతో అంది: "కళ్ళున్నాయి కదే ఆయనకి? ముక్కుంది కదా? ఎనిమిదేళ్ళుగా ఇల్లంతా ఏ వాసన వస్తోందనుకున్నాడు?" ఆ రోజంతా ఎండలో కూర్చుని ఒక్క దుంపా తెగకుండా తవ్వింది. రెండు బియ్యం సంచులు నింపి గోడ మీదికెత్తింది. నేను మా మేడం దగ్గరికి పరుగెత్తాను. మా మేడం మంచిదే. గ్యాస్ సిలిండర్ల దారికి అడ్డం రాకుండా గోడ వెంబడి పెట్టుకోమంది. పెద్దమ్మ అవతలి నుంచి చెబుతూ ఉంటే ఇవతల నేను నాటాను. ఆ వారమే బండలు పడ్డాయి.

ఇక రాయాల్సిన అసలు సంగతి. హజ్జా ఉన్న రోజుల్లోనే పెద్దమ్మ ఇంటికి పోతానని అడిగింది. ఖురూజ్ కొట్టించి పంపిస్తామన్నారు. ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడానికి వేసే ముద్ర, మేము ఫైనల్ ఎగ్జిట్ అనేదే ఖురూజ్. ముందు రంజాన్ అయ్యాక అన్నారు. తర్వాత పండగ అయ్యాక. ఆ తర్వాత ఇంట్లో ఆడపిల్ల పెళ్ళయ్యాక. ఆ తర్వాత కొత్త పనిమనిషి వచ్చాక. ఈలోగా ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, గడువు తీరిపోయింది. దాన్ని కొత్తది చేయించే బాధ్యత వాళ్ళది, చేయించలేదు. ఆమెకు దగ్గు మొదలైంది. తర్వాత పాదాలు వాచాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే, ఇఖామా లేకుండా అక్కడ రాసుకోరు, ముందు ఆ పని అవనీ అన్నారు. ఆ పని చేయాల్సిన మనిషే, హజ్జా కొడుకే, ఆ మాట అన్నాడు. ఆయన ఆమెను కొట్టలేదు, తిండి మానిపించలేదు. రేపు అన్నాడు, అంతే. రేపు అనే మాటతో ఒక మనిషిని చంపొచ్చని నేను ఆ గోడ పక్కన నేర్చుకున్నాను.

మరి నేనేం చేశాను? ఆ దగ్గు ఏడు నెలలు విన్నాను. ఒకరోజు, "కాన్సులేట్‌కు ఫోన్ చేస్తా పెద్దమ్మా, నెంబరుండాది" అన్నాను. "వద్దే. ఇన్నాళ్ళు ఆగాను, ఇప్పుడు గొడవైతే ఉన్నది కూడా చెడుద్ది. వచ్చే నెల పంపిస్తామన్నారుగా" అంది. సరే అన్నాను. వేడినీళ్ళు తాగమన్నాను. ఆమె వద్దంది కాబట్టి ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. అది నిజం కాదు. ఫోన్ చేస్తే ఎవరు చేశారని అడుగుతారని, నా ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడి ఊరుకున్నాను. నా కోపంలో సగం నా మీదే.

చివరిసారి మాట్లాడింది మంగళవారం. గోడ పట్టుకుని నిలబడటానికే ఆయాసపడుతోంది. "కాడలేశాయా?" అని అడిగింది.

"మూడేసినాయి. నువ్వు కూచో పెద్దమ్మా, మాట్లాడద్దు."

"కింది మొగ్గ విచ్చాకే కొయ్యి. తొందరపడి ముందే కోస్తావు నువ్వు, నాకు తెలుసు" అని దిగిపోయింది.

మరుసటి రోజు పొద్దున ఆమె వంటింట్లో పడిపోయాక ఆస్పత్రికి తీసుకెళ్ళారట. అప్పుడు ఇఖామా ఎవరూ అడగలేదు. దారిలోనే పోయింది.

వార్త తెలిసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో దీపాలు, దండాలు వచ్చాయి. ఆమె పేరు కూడా తెలియనివాళ్ళు అదృష్టవంతురాలు, కాలు చెయ్యి పడకుండా పోయింది అని రాశారు. నేను ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

ఆదివారం నాడు ఆ ఇంటాయన మా గేటు దగ్గరికొచ్చాడు. పెద్దమ్మ కూతురుతో ఫోన్‌లో మాట్లాడాలి, తనకు తెలుగు రాదు, నన్ను చెప్పమన్నాడు. మా మేడం పక్కనే నిలబడింది. ఆయన స్పీకరు పెట్టాడు. అవతల ఆ పిల్ల ఏడుస్తోంది. మీ అమ్మ మా ఇంట్లో మనిషి, మేము ఏ లోటూ రానివ్వలేదు, ఇది దేవుడి నిర్ణయం, అని చెప్పమన్నాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. అదే నాకు ఇంకా మండింది.

నేను ఫోన్ దగ్గరికి వంగి చెప్పాను. "చెల్లీ, మీ అమ్మకు ఏ లోటూ రానివ్వలేదని చెప్పమంటాండాడు ఈయన. నేను చూసింది చెప్తా, విను. ఏడు నెలలు దగ్గింది. కాళ్ళు వాచినాయి. ఇంటికి పోతానని నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ తర్వాత అన్నారు. కాగితం చేయించలేదు, డాక్టరుకు చూపించలేదు. నేను పక్కనే ఉండి ఊరుకున్నా. నన్ను కూడా తిట్టు." నా గొంతు పెరిగింది. ఆయన నేను ఏడుస్తున్నాననుకుని తల ఊపుతూ నిలబడ్డాడు.

అవతల ఏడుపు ఆగింది. తర్వాత ఆ పిల్ల, "అక్కా, ఈ మాటలే ఆయనకి వాళ్ళ భాషలో చెప్తావా?" అంది.

"కుల్లు?" అని అడిగాడాయన, అంతా చెప్పావా అని. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. దాంతోనే చెప్పాను. దగ్గు, కాళ్ళు, ఇఖామా, బుక్రా. బుక్రా అంటే రేపు. ఆయనన్న రేపులన్నీ ఆయనకే వినిపించాను. ఆయన మొహం ఎర్రబడింది. మా మేడం వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గానీ నన్ను ఆపలేదు. ఆయన ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. నా ఉద్యోగం పోలేదు. అంటే ఆ ఏడు నెలల్లో ఫోన్ చేసినా పోయేది కాదేమో. ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

ఆమెను పెట్టిన పెట్టె ఊరు చేరడానికి ఐదు వారాలు పట్టింది. అన్నీ అయ్యాక ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ఒక మాట అడిగింది: "మా అమ్మకి జుట్టంతా నెరిసిపోయిందని నువ్వైనా చెప్పలేదేం అక్కా?"

"వీడియో కాల్ చేసేది కదా?"

"చేసేది. ఎప్పుడు చేసినా కెమెరా పూల మీద పెట్టేది. ఇది చూడు, ఈ కాడకి ఎన్ని మొగ్గలో చూడు అనేది. నీ మొహం చూపించమంటే, నా మొహం నువ్వు చూడందా అని కసిరేది. ఎనిమిదేళ్ళు పూలే చూశాం."

దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికారట. పాస్‌పోర్టు ఫోటో ఉంది గానీ అందులో ఉన్నది ఎవరో భయపడిన మనిషి, అమ్మ కాదు అంది. చివరికి ఆ పిల్ల ఫోన్‌లోనే ఒకటి దొరికింది. ఎప్పుడో కాల్ మధ్యలో పెద్దమ్మ పొరపాటున ఏదో నొక్కితే కెమెరా ఆమె వైపు తిరిగిందట. ఆ ఒక్క క్షణంలో ఈ పిల్ల స్క్రీన్‌షాట్ తీసుకుంది. దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు.

నాకూ పంపింది. సగం చెంప, ఒక చెవి, చెవి వెనక దోపిన తెల్ల వెంట్రుకలు. ఇదెలా మారిందో తెలియక, చిరాగ్గా, ఎవరినో తిట్టబోతూ తెరుచుకున్న నోరు. వెనకాల ఖాళీగా, తెల్లగా ఎండ.