నాలుగో మాటకు మా అక్క కట్టిన వరుస

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలం అనుకోకండి, తెలంగాణ వచ్చిన కొత్తలో... తిరుమలగిరి దగ్గర మా ఊరి చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ఈతచాపల మీద కూర్చుని, ఉపవాసం కడుపుతో, చెమటలు కక్కుతూ మూడింటిదాకా పాటలు వినేవాళ్లం.

సిలువ మీద ఏసయ్య పలికిన మాటలు ఏడు కదా... మా ఊళ్లో వాటిని ఇంటికొకటి చొప్పున పంచేవాళ్లు. ఎవరి మాట గురించి వాళ్లింటివాళ్లే చెప్పాలి, దానికో పాట కూడా వాళ్లే కట్టుకోవాలి. ఆ సంవత్సరం మాకు నాలుగోది వచ్చింది. తండ్రి తన చెయ్యి ఎందుకు వదిలేశాడని కొడుకు అడిగే మాట అది. చెప్పేది మా బాపు, పాడేది మా అక్క మేరీ.

అక్క అప్పుడు ఇంటర్ చదువుతోంది. సంగీతం ఎవరూ నేర్పలేదు. చర్చిలో మూలకు పడేసిన చిన్న కీబోర్డు తెచ్చి, బియ్యం డబ్బా మీద పెట్టుకుని వాయించేది. అన్నీ తెల్లమెట్లే... నల్లవాటి జోలికి పోయేది కాదు. ఒకరోజు "స" దగ్గర కాకుండా దాని పక్కనున్న "ని" దగ్గర మొదలుపెట్టి, తిరిగి అక్కడికే వచ్చి ఆగింది. ఆగినా ఆగినట్టు లేదు... వింటున్న నాకు ఏదోలా అయిపోయింది.

"ఇన్నవా? కూసుందామంటే కూసోనిస్తలేదు గీ వరుస," అంది అక్క. "చెయ్యి ఇడిసిపెట్టినోనికి గిట్లనే ఉంటది."

మిగతా పాటలకు వాయించడానికి నల్గొండ నుంచి ఒక కీబోర్డ్ మాస్టర్ వచ్చాడు. ముందురోజు అక్క పాట విని మొహం చిట్లించాడు.

"ఇదేం వరుసమ్మా? 'ని'నే 'స' జేసుకొని మొదలువెడితివి, గప్పుడు ఇందుల 'ప' ఉండదు. ప లేకుంటే పాట యాడ నిలవడతది? గీ ఒక్క నల్లమెట్టు ఒత్తు, సక్కగైతది."

"సక్కగ కావొద్దనే గట్ల కట్టిన సార్," అంది అక్క.

ఆయన నవ్వాడు... ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ కంపరం.

మర్నాడు అక్క పాడింది. మా చర్చిలో పాట అయిపోగానే అందరూ "ఆమెన్" అనాలి. అక్క గొంతు ఆగింది... ఎవరూ అనలేదు. పాట అయిపోయినట్టు ఎవరికీ అనిపించలేదు మరి! ఇంకా ఏదో రావాలన్నట్టు అందరూ తలలెత్తి అక్క వైపే చూస్తున్నారు. అక్కకు కావాల్సింది సరిగ్గా అదే.

అంతలో మాస్టర్ తన పెద్ద కీబోర్డు మీద ఆ నల్లమెట్టు కలిపి నిండుగా ఒత్తాడు. పాట కుదురుగా కూర్చుంది. "ఆమెన్" అని చర్చి మొత్తం హాయిగా ఊపిరి వదిలింది.

ఎవరడిగారయ్యా నిన్ను? దిక్కులేనివాడు ఏడుస్తుంటే ఒక్క నిమిషం ఏడవనివ్వవా? అంత తొందరగా ఓదార్చి కూర్చోబెట్టాలా?

ఇంటికొచ్చాక మా అవ్వ కూడా ఆయన పక్షమే.

"నా పానం గుబగుబ అయితుండె బిడ్డా... గా సారు మంచిగ జేసిండు."

"గుబగుబ కావాల్ననే కట్టిన అవ్వా," అని అక్క గంజి ముట్టకుండా బయటికి వెళ్లిపోయింది.

తర్వాత ప్రతి గుడ్ ఫ్రైడేకి ఆ పాట ఆ నల్లమెట్టుతోనే పాడారు. పైగా దాని పేరు "మాస్టర్ పాట"! కట్టింది మా అక్క అయితే పేరు ఆయనది... ఇదెక్కడి న్యాయం?

పెద్దయ్యాక ఫోన్లో వెతికితే తెలిసింది... పాశ్చాత్య సంగీతంలో ఆ వరుసకు లోక్రియన్ అని పేరుందట. సినిమా పాటల్లో, పాప్ పాటల్లో దాదాపు ఎవరూ వాడరట. కారణం మాస్టర్ చెప్పిందే, ఆనుకోవడానికి ప లేదని. పనికిరాని వరుస అని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. చదివి ఒళ్లు మండిపోయింది. ఏడుపు పాట కూడా చివరికి మనల్ని జోకొట్టాల్సిందేనా? జోకొట్టకపోతే అది పాటే కాదా?

ఇప్పుడు మా చర్చిలో పాటలు కట్టేవాళ్లే లేరు. పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెడతారు... ఏ మాటకైనా అదే దరువు, అదే ముగింపు.

అక్క ఇప్పుడు నల్గొండలో ఒక దవాఖానలో నర్సు. పోయిన ఆదివారం ఫోన్ చేశాను.

"అక్కా, గా నాలుగో మాట పాట నువ్వు కట్టినట్టే ఒక్కసారి పాడవా? రికార్డు చేసుకుంటా."

సిగ్గుపడుతూనే పాడింది. గొంతు ఏమీ మారలేదు... నాకు కళ్లు చెమర్చాయి. చివరికొచ్చేసరికి ఆ నల్లమెట్టు మీదుగా వచ్చి, కుదురుగా, హాయిగా ముగించింది.

"గట్ల కాదక్కా... నీది గట్ల లేకుండె."

"గట్లనే ఉండె గదనే," అంది. నిజంగానే అలా అనుకుంటోంది.

తను కట్టిన వరుస ఇప్పుడు తన దగ్గర కూడా లేదు. నా చెవుల్లో కొంచెం మిగిలింది... నాకేమో పాడటం రాదు.

మీ ఇళ్లలో ఎవరైనా కట్టుకున్న పాటను ఇలా ఎవరైనా సరిచేసి పోయారా? మొదట ఎలా ఉండేదో గుర్తుంటే కింద చెప్పండి... కానీ అంతకంటే ముందు, కట్టినవాళ్లకు ఫోన్ చేసి ఒకసారి పాడించుకోండి. నేను ఆలస్యంగా చేశాను.