మోటార్‌సైకిల్ సంచిలో తెల్లచీర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రయాణమంటే రైలే. తాతయ్య రిటైరైన డ్రైవరు, మావయ్య ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. మేమంతా మావయ్య క్వార్టర్లోనే ఉండేవాళ్లం. రైల్వే పాసు మీద ఊరెళ్లాలంటే ట్రంకుపెట్టె, పక్కబట్టలు చుట్టిన హోల్డాలు, కూజా, క్యారేజీ ప్లాట్‌ఫాం మీదికి చేరాకే మేమూ చేరేవాళ్లం. తక్కువ సామానుతో వెళ్లడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు నామోషీ.

ఒక వేసవిలో రైల్వే సమ్మె వచ్చి రైళ్లు ఆగిపోయాయి. సాలువాలోని పోలీసు క్యాంపు నుంచి లారీలు వచ్చి క్వార్టర్ల మధ్య తిరిగేవి. సరిగ్గా అప్పుడే పలాస దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని టెలిగ్రాం అందింది. ఆమె తాతయ్యకు పెద్దకూతురు. అక్కడ దొరకని ఇంజక్షన్లు మా ఊళ్లో దొరికాయి గానీ, వాటిని ఆమె దగ్గరికి చేర్చే దారి లేదు.

మావయ్యకు మిలిటరీ వేలంలో కొన్న పాత మోటార్‌సైకిల్ ఒకటి ఉండేది. అది ఇంటికీ షెడ్డుకీ మధ్య తప్ప ఎప్పుడూ తిరగలేదు. దాని మీదే ఒరిస్సా అంతా దాటి వెళతానన్నాడు. అమ్మ ఏడ్చింది గానీ వద్దనలేదు.

పొద్దున్నే ప్లగ్గు గీకి, చైనుకు నూనె పెట్టి, సామాను కట్టడం మొదలుపెట్టాడు. ఎంతైనా రైల్వే ఇంటి మనిషి కదా, హోల్డాలు కట్టాడు, దాని మీద క్యారేజీ, పక్కన కూజా, కిరసనాయిలు స్టవ్వు కూడా. స్టాండు తీయగానే బండి ఒరిగి మావయ్య మీదే పడింది. ఇంకో రోజైతే వీధంతా నవ్వేది.

తాతయ్య బయటికొచ్చాడు. "రైలెక్కుతున్నావేటి?" అని, అన్నీ విప్పించాడు. రెండు గోనెసంచులు బండికి చెరోపక్క వేలాడదీసి, బరువైనవి అడుగున పెట్టించాడు. ట్యూబు, పంపు, పంక్చరు సామాను ఒకదాంట్లో సర్దించాడు. పనిచేస్తున్న క్లచ్ తీగ పక్కనే కొత్త తీగ కూడా కట్టించాడు, దారిలో పాతది తెగితే కొసలు మార్చుకుంటే చాలని. పక్క క్వార్టరు బెంగాలీ దాదా డబ్బా నిండా పెట్రోలు తెచ్చిచ్చాడు.

తర్వాత తాతయ్య లోపలికెళ్లి, మైనపుగుడ్డలో చుట్టిన తెల్లచీర తెచ్చాడు. మావాళ్లలో ఆడమనిషి పోతే చివరి చీర పుట్టింటి నుంచే రావాలి. మేం చర్చికి వెళ్లేవాళ్లమే అయినా ఆ ఆచారం మమ్మల్ని వదల్లేదు. ఆ చీర చూసి మావయ్య ముఖం నల్లబడింది.

"అక్క బతికుంది నాన్నా. ఈ సీర ఒట్టుకెళ్లి ఏటని సెప్పమంతావు?"

"ఏటీ సెప్పొద్దు. అడుగునెట్టు. మందు పైనుండాల, ముందు సెయ్యి దానికే తగలాల. ఇది అక్కరపడకపోతే తిరిగి తెచ్చేద్దువు. అక్కరపడితే మటుకు, దుకాణాల ఎంట తిరుగుతావా, అక్క పక్కన కూకుంటావా?"

మావయ్య చీరను అడుగున పెట్టాడు. ఇంజక్షన్ల డబ్బాను దూదిలో చుట్టి పైన పెట్టాడు.

బండి చప్పుడు దూరమయ్యాక, పెద్దమ్మ చచ్చిపోతుందా అని తాతయ్యను అడిగాను. పెద్దవాళ్లు పిల్లలకు నిజం చెప్పే కాలం కాదది, అయినా ఆయన దాచలేదు. "పోవచ్చు. అందుకే మందు పంపినాను," అన్నాడు. గుమ్మం వైపు తిరిగి, "సీర కూడా," అన్నాడు. విప్పేసిన హోల్డాలు మీద కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి, చాలా భయమేసింది.

రైళ్లు మళ్లీ కదిలాక మావయ్య తిరిగొచ్చాడు. తను వెళ్లేసరికి పెద్దమ్మకు తెలివి ఉందట, తమ్ముణ్ని గుర్తుపట్టిందట. ఇంజక్షన్లన్నీ వేశారు. నాలుగు రోజులు కోలుకుంటున్నట్టే కనిపించి, పోయింది. ఆఖరి పూటంతా మావయ్య ఆమె మంచం దగ్గరే ఉన్నాడు.

తాతయ్య అంతా విన్నాడు. "నాను పంపినానని దానికి తెలిసినాదా?"

"మందు సంగతి సెప్పినాను నాన్నా. సీర సంగతి సెప్పనేదు."

"సాల్లే," అన్నాడు తాతయ్య.

నాకిప్పుడు ఇంచుమించు అప్పటి తాతయ్య వయసే. మావారి జబ్బు సంగతి డాక్టరు నాన్చి నాన్చి చెప్పిన ఏడాది, నేను మందులు ఒక్క పూట తప్పకుండా వేస్తూనే, ఎవరికి కబురు పెట్టాలో, ఎక్కడ పూడ్చాలో మావారినే అడిగి తెలుసుకున్నాను. ఆఖరి రోజున ఆయనకు తొడగాల్సిన బట్టలు కూడా ఉతికి పెట్టాను. అపశకునపు పనులంటూ పిల్లలు నా మీద మండిపడ్డారు. వాళ్లకు నచ్చజెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు. ఆయన పోయిన రోజు మాత్రం నేను ఏ పనికీ లేవాల్సిన అవసరం రాలేదు. ఊపిరి ఆగేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.