జెండా ఒక దీవిది, అరువు నాది

మునిగిపోయే బేరం కళ్ళు తెరుచుకుని చేయాలంటే గుండె కావాలి. యజమాని ఫోన్ ఎత్తడం మానేసిన ఓడకు బియ్యం, మంచినీళ్ళు, డీజిల్ అరువిచ్చిన మొనగాణ్ణి ఈ అరబ్బు దేశపు షువైఖ్ రేవు మొత్తం మీద నేనొక్కణ్ణే. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు సంగతి ఇది. నాది షిప్ చాండ్లర్ పని, అంటే రేవుకొచ్చే ఓడలకు సరుకులందించడం. మా నాన్నకు రాజోలులో కిరాణా కొట్టు ఉండేది. నాది నీళ్ళ మీద కిరాణా.

నా ధైర్యమంతా చట్టమే. సరుకుల డబ్బు ఎగ్గొడితే కోర్టుకెళ్ళి ఓడనే కదలకుండా ఆపించొచ్చు. దాన్ని అరెస్ట్ అంటారు. అంత పెద్ద ఇనుప తాకట్టు ఏ కొట్టువాడికి దొరుకుతుంది?

వకీలుతో మాట్లాడుకుని, ఆ శుభవార్త చెబుదామని లాంచిలో వెళ్ళాను. రేవు బయటే ఓడ లంగరేసి ఉంది. అందులో మిగిలింది నలుగురు. నెలల తరబడి జీతాల్లేవు, ఒడ్డున కాలు పెట్టే అనుమతీ లేదు. వంటవాడు సత్తిబాబు మా సఖినేటిపల్లి వైపువాడు. సాయంత్రమైతే రెయిలింగ్ పట్టుకుని ఒడ్డునున్న ఊరి దీపాలకేసి చూస్తూ నిలబడేవాడు.

"ఆ లైట్ల కింద మట్టుంటాదాండీ?"

"ఇసక."

"ఇసకైనా పర్లేదండీ. కాలికింద కదలకుండా ఉంటే చాలు."

అరెస్ట్ సంగతి చెప్పాను. "అయితే మేం ఎల్లిపోవచ్చాండీ?" అన్నాడు.

అక్కడినుంచే వకీలుకు ఫోన్ చేశాను. కుదరదన్నాడు. అరెస్టయిన ఓడను ఖాళీగా వదలనివ్వరట. అమ్ముడయ్యేదాకా అందులో మనుషులుండాలి. ఎన్నాళ్ళో చెప్పలేమట.

సత్తిబాబు నవ్వాడు. "అంటే తాకట్టు ఓడ కాదండీ, మేవండీ. ఆయ్, బాగానే కుదుర్చుకున్నారు బేరం!"

ఓడ వెనక ఎగిరే జెండా ఒక చిన్న దీవి దేశానిది. ఆ నలుగురిలో ఎవరూ ఆ దేశం చూళ్ళేదు. అయినా యజమాని వదిలేస్తే వాళ్ళను ఇంటికి చేర్చాల్సిన బాధ్యత, చట్టప్రకారం, జెండా దేశానిదే. అక్కడి ఓడల రిజిస్ట్రీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది. మీ ఓడ మనుషుల్ని మీరే వచ్చి తీసుకెళ్ళండని గట్టిగానే దబాయించాను.

"మా నౌకాదళమంటే రెండు గస్తీ పడవలు," అందావిడ. "అంత దూరం రాలేం. కానీ బాధ్యత మాది, కాదనను. ఓడ బీమా కంపెనీ చేత వాళ్ళకు టికెట్లిప్పిస్తాను. ఓడను లోపలికి లాగి, ఒడ్డునుంచి కాపలా పెట్టమని రేవువాళ్ళకు రాస్తాను. అందాకా మీరు అరెస్ట్ జోలికి పోకూడదు."

"ఈలోగా రేవు బకాయి పెరుగుతుంది. ఓడ అమ్మితే నాకు మిగిలేదేంటి?"

"బహుశా ఏమీ మిగలదు."

ఇలా బేరానికి సందివ్వని మనిషిని నేను చూళ్ళేదు. సరేనన్నాను. వాళ్ళు దిగేదాకా బియ్యం కూడా పంపాను, మళ్ళీ అరువే.

దిగిన రోజు సత్తిబాబు చెప్పులు విడిచి, రేవు కాంక్రీటు మీద నిలబడిపోయాడు. గార్డు "యల్లా, యల్లా" అని కదలమంటూ అరుస్తున్నాడు. "ఉండు బాబూ, ఇంకా ఊగుతున్నట్టే ఉంది," అన్నాడు సత్తిబాబు. వాళ్ళ వ్యాన్ విమానాశ్రయం దారి పట్టాక, నా మీద కూడా ఏదో ఒక జెండా ఉండి, ఇంటికి పొమ్మని టికెట్ పంపితే బాగుండుననిపించింది.

ఇప్పుడు కొత్త ఓడ వస్తే వెనకున్న జెండా చూస్తాను. ఆ దేశంలో ఫోన్ ఎవరెత్తుతారో ముందే కనుక్కుంటాను.

ఆ ఓడను తర్వాత కోర్టు తుక్కుకింద అమ్మింది. రేవు బకాయిలు, జీతాలు పోగా సరుకులవాళ్ళ వంతు వచ్చేసరికి ఖలాస్. సరుకులు పోయాయి, లాంచి కిరాయి పోయింది, వకీలు ఫీజు పోయింది. సత్తిబాబు ఇల్లు చేరాడు. అది అతని రాబడి, నా ఖాతాలో రాసుకోలేను. నాకు మిగిలింది నికరంగా నష్టమే.